నాలుగు మిల్లీమీటర్లు

మూడో వంపు దగ్గర మాట వినదంటుంది ఎర్సీలియా,
హెల్మెట్ తీయకుండానే.
వంచితే వంగుతుందట, సగం దాకా.
ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు
రోడ్డు అవతలి అంచుకేసి,
చెస్ట్‌నట్ చెట్ల నీడలోకి,
లారీలు దిగే వైపుకి జరిగిపోతుందట.

టైర్లు చూశాను. గాలి చూశాను.
అపెనైన్ కొండల్లో, ఈ కనుమ కింద
నలభై ఏళ్లుగా షెడ్డు నాది.
బండి అబద్ధమాడదు. ఎక్కేవాళ్లు ఆడతారు,
ముఖ్యంగా వేగం గురించి.
ఈమె ఎంతలో పోతోందో అంతే చెప్పింది.

స్టాండెక్కించి టేపు పట్టాను,
వెనక ఇరుసు నుంచి సీటు తోక దాకా.
చతికిలబడి ఉంది బండి,
విందు తిని లేవలేని మేనమామలా.
వెనక కూర్చుంటే ముందు లేస్తుంది.
ముందు లేస్తే ఫోర్కు కాళ్లు బారచాపుతుంది.
బారచాపిన కాళ్లతో
గబుక్కున ఎవరు పక్కకి తిరగగలరు?

"ఎవరు దించారిది?"
"లాంబెర్తో."
వాళ్లన్న. పోలేదు, కంగారు పడకండి.
సముద్రం దగ్గర పడవ కొనుక్కున్నాడు.
చెల్లెలికే అమ్మాడు, ఒక్క యూరో తగ్గకుండా.
కాఫీ బార్ ముందు ఆపినప్పుడు
రెండు పాదాలూ నిండుగా నేలకానాలని
దించుకున్నాడట.
ఆగడానికి కొలిచిన బండి.
దాని మీద ఈమె రెండేళ్లు తిరిగింది
తప్పు తన చేతుల్లోనే ఉందనుకుని.

నట్టు మీద తెల్లరంగు గీత, అతను గీసిందే.
కదిలిస్తే తెలియాలని.
స్పానర్ ఆనించి ఆగాను.
"విప్పమంటావా?"
ఆమె జేబులో ఫోను మోగుతోంది. తీయలేదు.
"విప్పండి."
గుడ్డు పెంకు చిట్లినంత చప్పుడు.

షాక్ తలకీ ఫ్రేముకీ నడుమ
ఉక్కు బిళ్ల ఒకటి, రెండు మిల్లీమీటర్లది.
అక్కడ రెండంటే చక్రం దగ్గర అయిదు.
ఎత్తు మారితే చైను బిగువూ మారుతుంది,
అదీ చూసుకున్నాను.
ఇంతేనా, అన్నట్టు చూసింది.
నా ఎడమ బూటు తిప్పి అడుగు చూపించాను.
కాలు విరిగి అతికాక
చెప్పులు కుట్టే ఎత్తోరే అంటించిన తోలు ముక్క.
అది లేని రోజు మెట్లన్నీ నాకు పగవాళ్లు.
గోరంతేగా అని నవ్వేవాళ్లకి
నేను స్పానర్ కూడా అరువివ్వను.

ఆమె వెళ్లింది. గుమ్మంలో నిలబడి విన్నాను.
మొదటి వంపు. రెండోది.
మూడో దాని దగ్గర ఇంజను రోజూ రెండుసార్లు
గొంతు తగ్గించి సర్దుకుంటుంది.
ఇవాళ ఒక్కసారే.
నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"తిరిగింది," అంది వచ్చి. "నేను చూసిన చోటికే తిరిగింది."
ఆపినప్పుడు వేలికొసలే నేలకి అందుతున్నాయి,
అది పట్టించుకోలేదు.
"కానీ ఏటి పక్క తిన్నటి రోడ్డులో
హ్యాండిల్ ఊహూ, ఊహూ అని తల తిప్పుతోంది."
తిప్పుతుంది మరి.
చురుగ్గా తిరగడం నేర్పితే
తిన్నగా నిలబడ్డం కొంచెం మర్చిపోతుంది.
ఎంత కొంచెం అన్నదే నా కూలి.

బిళ్ల తీసి ఆకురాయి మీద అరగదీశాను,
కొలిచి, మళ్లీ అరగదీసి.
అయిదు నాలుగైంది.
ఈసారి ఆమె చాలాసేపు రాలేదు.
భయపడ్డాను. అప్పుడప్పుడు అంతే.
తర్వాత ఎక్కడో పైన, కనుమ దాటాక,
గొంతు ఎత్తిన ఇంజను, దించకుండా.

సాయంత్రం రంగు డబ్బా అడిగింది.
నట్టు మీద తనే గీసింది.
చెయ్యి ఇంకా వణుకుతోంది కాబోలు, గీత వంకర పోయింది.
తుడవబోతే ఒప్పుకోలేదు.
ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఎత్తింది.
"ఆఁ, ముట్టుకున్నాను," అంది.